మెడకి బరువు, తోలుకి బూజు: బైనాక్యులర్‌కి ఏ పట్టీ, ఏ కేసు?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు తన పేరు వేయొద్దంటూ పెద్ద ఉత్తరమే రాశారు. వయసు 47. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆదివారాలు స్నేహితులతో కలిసి పక్షులు చూడడానికి ముడసర్లోవకో, మేఘాద్రిగెడ్డకో, కంబాలకొండకో వెళ్తారు. చలికాలంలో కొండకర్ల ఆవకి కూడా. పుట్టినరోజుకి భర్త 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దాల వెడల్పు 42 మిల్లీమీటర్లు) కొనిచ్చారు. బరువు 680 గ్రాములు. దాంతో వచ్చిన సన్నటి నైలాన్ పట్టీని మెడలో వేసుకుని గంట తిరిగితే మెడ పట్టేస్తోంది. అసలే సర్వైకల్ స్పాండిలోసిస్, అంటే మెడ ఎముకల అరుగుదల. మెడకి ఏ బరువూ తగిలించుకోవద్దని డాక్టరు చెప్పారట. పైగా పట్టీ చున్నీలోనూ నల్లపూసల్లోనూ చిక్కుకుంటోంది. బైనాక్యులర్‌తోపాటు ఇచ్చిన వెల్క్రో మూత సంచిలో, పట్టీ ఊడదీస్తే తప్ప బైనాక్యులర్ పట్టడం లేదు. ప్రయాణమంతా స్కూటర్ మీదే.

ఇంట్లో తలా ఒక మాట. భర్త రెండు భుజాలకీ తగిలించుకునే పట్టీల జోడు, అంటే హార్నెస్ కొందామంటున్నారు. కొడుకు పాత కెమెరా బ్యాగు చాలంటున్నాడు. పోర్టులో ఉద్యోగం చేసిన మామగారి 7×50 బైనాక్యులర్ తాలూకు తోలు కేసు భద్రంగా ఉంది. కోడలు దాన్నే భుజాన వేసుకుని వెళ్లాలని అత్తగారి కోరిక. దాని మీద తెల్లటి బూజు. "కాదంటే ఆవిడ నొచ్చుకుంటారు. సరేనంటే కొత్త అద్దాలకి బూజు పడుతుందని భయం. ఒక్కటే కొనగలిగితే ముందు ఏది కొనాలి?" అని అడుగుతున్నారు. అత్తగారికి పేస్‌మేకర్ ఉందనీ, సాయంత్రాలు బాల్కనీలోంచి ఈ బైనాక్యులర్‌తోనే ఓడలు చూస్తారనీ చివర్లో రాశారు. సమాధానానికి అది కూడా అవసరమైన వివరమే.

సమాధానం:

మీ భర్త, అబ్బాయి ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. భర్త పట్టీ గురించి మాట్లాడుతున్నారు, అబ్బాయి కేసు గురించి మాట్లాడుతున్నాడు. ఆ రెండూ చేసే పనులు వేరు. పక్షులు చూస్తున్నంతసేపూ బైనాక్యులర్‌ని మోసేది పట్టీ. కేసు అవసరం ఇంటి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇంటికి చేరేవరకే. పక్షి కనబడ్డాక జిప్పు తీసి బైనాక్యులర్ బయటికి తెచ్చేలోపు అది కొమ్మ మీద ఉండదు. అందుకే చెరువు గట్టున కేసు ఎంత మంచిదైనా బ్యాగులో పడి ఉండాల్సిందే. మీకు నొప్పి పుట్టిస్తున్నది పట్టీ. ఒక్కటే కొనాలంటే డబ్బు దాని మీదే పెట్టండి. కేసు సంగతి ఇంట్లో ఉన్న వస్తువులతో కొంతకాలం గడుస్తుంది.

పట్టీ కొనడానికి వెళ్తే ముందు మీకు చూపించేది వెడల్పాటి నియోప్రీన్ పట్టీ. మెత్తగా, లోపల రబ్బరు స్పాంజితో ఉంటుంది. వేసుకోగానే హాయిగానే ఉంటుంది. కానీ పట్టీ వెడల్పయితే తగ్గేది చర్మం మీద కోత మాత్రమే. 680 గ్రాములూ అలాగే ఉంటాయి, మోసేదీ మెడే. పైగా నియోప్రీన్ సాగుతుంది కాబట్టి నడుస్తుంటే బైనాక్యులర్ పైకీ కిందకీ ఎగురుతుంది. గాలి ఆడదు. విశాఖ ఉక్కపోతలో అరగంటకే మెడ వెనక చెమట నిలిచి దురద మొదలవుతుంది. మెడ బాగున్నవాళ్లకి ఇది ఫర్వాలేదు. మీరు మాత్రం దీని మీద డబ్బు పెట్టొద్దు.

మీ ముందున్న దారులు రెండు. ఒకటి, పట్టీని ఒక భుజం మీదుగా అడ్డంగా వేసుకోవడం. రెండు, హార్నెస్.

అడ్డంగా వేసుకుంటే బరువు మెడ మీంచి భుజానికి మారుతుంది, బైనాక్యులర్ నడుము పక్కన వేలాడుతుంది. ఖర్చు తక్కువ. దీనికి కావలసిన పొడవు ముందుగా కొలుచుకోండి. ఒక పురికొస తీసుకుని కుడి భుజం మీంచి ఎడమ నడుము దాకా ముందునుంచి తెచ్చి, వీపు మీదుగా మళ్లీ భుజానికి కలపండి. ఆ కొలతకి ఇంకో 20 సెంటీమీటర్లు కలిపి, అంత పొడవుకి సాగదీసుకోగలిగే పట్టీ కొనండి. మీకు ఇప్పుడున్న పట్టీ మెడకి వేసుకునే కొలతది, బహుశా చాలదు. ఇక్కడ మరో చిక్కుంది. బైనాక్యులర్ కళ్ల దగ్గరికి ఎత్తినప్పుడల్లా పట్టీ భుజం మీద జారాలి. జారకుండా అడుగున రబ్బరు చుక్కలు అద్దిన పట్టీలు వస్తాయి, వాటిని మెడకి వేసుకోవడం కోసం చేశారు. అడ్డంగా వేసుకున్నప్పుడు అవి బట్టని పట్టుకుని లాగుతాయి, చున్నీ కూడా వాటితోపాటే వస్తుంది. నున్నటి నేత పట్టీ తీసుకోండి. పాలిస్టర్ దొరికితే మరీ మంచిది. నైలాన్ తడిస్తే కాస్త సాగుతుంది.

దీని లోటు ఏమిటంటే, బరువంతా ఒకే భుజం మీద పడుతుంది. రెండు గంటలు దాటితే ఆ వైపు మెడ కండరం బిగుసుకుంటుంది. గంటకోసారి భుజం మార్చుకుంటే కొంత నయం. వంగితే బైనాక్యులర్ ముందుకి ఊగి గట్టుకో, చెట్టుకో తగులుతుంది. చేత్తో పట్టుకుని వంగడం అలవాటు చేసుకోవాలి.

హార్నెస్‌లో రెండు పట్టీలు భుజాల మీదుగా వెళ్లి, వీపు మీద ఒక తోలు ముక్క దగ్గరో ప్లాస్టిక్ ముక్క దగ్గరో అడ్డంగా కలుస్తాయి. చంకల కిందుగా ముందుకొచ్చి బైనాక్యులర్‌ని ఛాతీ దగ్గర నిలబెడతాయి. బరువు రెండు భుజాలకీ వీపుకీ పంచుకుంటుంది, మెడని అసలు తాకదు. నడిచినా వంగినా పెద్దగా ఊగదు. మీ మెడ పరిస్థితికి నా ఓటు దీనికే. అయితే చేయి తిమ్మిరెక్కడం, నొప్పి భుజంలోంచి వేళ్ల దాకా పాకడం లాంటివి ఉంటే, భుజాల మీద ఈ బరువైనా వేయొచ్చో లేదో ఒక్కసారి డాక్టర్నే అడగండి. ఇంకో మాట. చెట్టు చిటారున పిట్టని చూస్తూ తల వెనక్కి వాల్చి నిలబడితే, ఏ పట్టీ వాడినా మెడ నొప్పి వస్తుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి దూరం నుంచి చూస్తే తల అంతగా ఎత్తక్కర్లేదు.

హార్నెస్ అమర్చుకోవడానికి ఇంట్లో పావుగంట కేటాయించండి. వీపు మీది ముక్క రెండు రెక్కల ఎముకల మధ్యకి రావాలి. అది మెడ దగ్గరికి పాకితే పట్టీలు మెడ పక్కల్ని ఒరుసుకుంటాయి, మీ బాధ మళ్లీ మొదటికొస్తుంది. ముందు పట్టీలని బైనాక్యులర్ రొమ్ము ఎముక చివరికి కాస్త పైన ఆగేలా సర్దండి. తర్వాత కళ్ల దగ్గరికి ఎత్తి చూడండి. ఎత్తేటప్పుడు పట్టీలు వెనక్కి లాగుతుంటే మరో రెండు మూడు సెంటీమీటర్లు వదులు చేయాలి. కొన్ని హార్నెస్‌లలో పట్టీ ఎలాస్టిక్. చెమటకీ ఎండకీ ఎలాస్టిక్ కొన్నాళ్లకి చచ్చుబడుతుంది. బైనాక్యులర్ మునుపటికన్నా కిందకి వేలాడుతుంటే ఆ రోజు వచ్చిందని గుర్తు. ముడి వేసి సరిపెట్టుకోకండి, పట్టీ మార్చేయండి.

ఇక బట్టల సంగతి. చున్నీ వేసుకుంటే రెండు భుజాల దగ్గరా పిన్ను పెట్టి, హార్నెస్ దానిమీద వేసుకోండి. హార్నెస్ లోపల, చున్నీ పైన అయితే బైనాక్యులర్ ఎత్తిన ప్రతిసారీ చున్నీ కూడా లేస్తుంది. చీర అయితే పైట చిన్న కుచ్చిళ్లుగా పెట్టి గట్టిగా పిన్ను చేశాకే హార్నెస్. ఆ పిన్ను తల సరిగ్గా పట్టీ కింద పడకుండా చూసుకోండి, నడిచేకొద్దీ గుచ్చుతుంది. నల్లపూసలు, గొలుసు బట్టల లోపలికి వేసేసుకోండి. చిక్కుపడడం చిన్న విషయం. గొలుసు కొక్కెం కంటి వైపు అద్దం మీద రాసుకుంటే పడే గీత మాత్రం మళ్లీ పోదు.

ఛాతీ మీద కట్టుకునే పెట్టెలాంటి హార్నెస్‌లు కూడా అమ్ముతున్నారు. బైనాక్యులర్ అందులోనే ఉంటుంది, మూత తెరిస్తే చేతికొస్తుంది. దుమ్మూ వానా తగలవు. కానీ ఛాతీ అంతా కప్పేసి చెమట పట్టిస్తుంది, కిందకి చూస్తే పాదాలు కనబడవు. కంబాలకొండ లాంటి రాళ్లదారిలో అది ఇబ్బందే. వీటిలో చాలావాటికి మూత అయస్కాంతంతో మూసుకుంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయస్కాంతాన్ని కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఛాతీ మీద కట్టుకునే వస్తువుకి అంత దూరం ఎక్కడిది? మీ అత్తగారు ఒక్కసారి సరదాగా వేసుకునే అవకాశం ఉన్నా చాలు, ఆ రకం ఇంటికి తేవొద్దు. కేసు కొన్నా మూత బకిల్‌తోనో జిప్పుతోనో మూసుకునేదే తీసుకోండి.

ఆవిడ బాల్కనీలో చూసే పనికి ఒక సులువు ఉంది. బైనాక్యులర్‌కి పట్టీ తగిలించే రెండు చెవులకీ చెరో క్లిప్పు ముక్క శాశ్వతంగా కట్టేసి, హార్నెస్ చివర్లకి వాటి జోడు క్లిప్పులు పెట్టే పద్ధతిది. నొక్కితే ఊడుతుంది, టక్కుమని పెడితే పడుతుంది. అదే క్లిప్పులతో చిన్న మెడపట్టీ ఒకటి ఆవిడకి ఉంచితే, పట్టీలు ఊడదీసి మళ్లీ దూర్చే పని ఉండదు. రెండూ ఒకే కంపెనీవి కొనండి. వేరే తయారీ క్లిప్పులు చూడడానికి ఒకలాగే ఉన్నా ఒకదానిలో ఒకటి సరిగా పడవు. ఆ క్లిప్పుల్లో ఇసుక చేరితే సగమే పడి ఆగిపోతాయి. టక్ అన్న శబ్దం రెండు వైపులా వినబడ్డాకే చెయ్యి వదలాలి. ఇనుప రింగులతో తగిలించే రకం వద్దు. బైనాక్యులర్ చెవుల్ని అవి నెమ్మదిగా అరగదీస్తాయి.

పట్టీ తెగి పడే బైనాక్యులర్లు తక్కువ, బకిల్లోంచి జారి పడేవే ఎక్కువ. కాబట్టి దూర్చే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను. పట్టీ కొసని ముందు దానిమీద జారే చిన్న ప్లాస్టిక్ రింగులోంచి తెండి. తర్వాత బైనాక్యులర్ చెవిలోకి బయటివైపు నుంచి దూర్చి, వెనక్కి మడిచి, మళ్లీ అదే రింగులోంచి లాగండి. ఇప్పుడు బకిల్‌లో ముందే ఉన్న పట్టీని కాస్త వదులు చేసి, దాని కిందుగా కొసని రెండు గాడుల్లోంచీ పోనిచ్చి బిగించండి. కొస బయటికి వేలాడకుండా, పట్టీకీ బకిల్‌కీ మధ్య నొక్కుకుని ఉండాలి. బకిల్ దాటి కనీసం 5 సెంటీమీటర్ల కొస మిగలాలి. అదనంగా ఉందని కత్తిరిస్తే, కత్తిరించిన చోట లైటర్ మంట ఒక్క క్షణం చూపించి పోగులు కరిగించండి. ఈ పని బైనాక్యులర్‌కి దూరంగా చేయాలి. అంతా అయ్యాక పరుపు మీదుగా పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా గుంజి చూడండి. కంటి అద్దాల మీద పెట్టే జోడు మూతని పట్టీకి ఒక పక్కనే తగిలించండి. రెండు పక్కలా తగిలిస్తే తీసినప్పుడు పక్కకి పోకుండా ముఖానికి అడ్డుపడుతుంది.

ఇప్పుడు కేసు. అబ్బాయి చెప్పిన కెమెరా బ్యాగు పనికొస్తుంది, ఒక పరీక్ష నెగ్గితే. బైనాక్యులర్‌ని పట్టీతో సహా, కంటి వైపు పైకి వచ్చేలా అందులో నిలబెట్టండి. పట్టీని గొట్టాల చుట్టూ చుట్టకండి, బకిల్ అద్దానికి తగులుతుంది. మడిచి పక్క అరలో పెట్టండి. మూసి, భుజానికి తగిలించుకుని ఊపండి. లోపల కదలకూడదు. జిప్పు వేస్తుంటే ఫోకస్ చక్రం నొక్కుకోకూడదు. బ్యాగు బయటి నుంచి వేలితో నొక్కితే అద్దాల అంచులు తెలియకూడదు. అడుగున కనీసం ఒక సెంటీమీటరు మందం మెత్త ఉండాలి, కింద పెట్టేటప్పుడు దెబ్బ తగిలేది అక్కడే. పాత బ్యాగు కాబట్టి లోపలి ఫోమ్ చేత్తో నలిపి చూడండి. పసుపు రంగుకి తిరిగి, పొడిపొడిగా రాలుతూ, వేళ్లకి జిగురుగా అంటితే ఆ బ్యాగు వద్దు. తేమకి పాలీయూరెథేన్ ఫోమ్ అలాగే చెడుతుంది, ఆ పొడి ఫోకస్ చక్రంలోకీ అద్దాల అంచుల్లోకీ చేరుతుంది.

కొత్తది కొనాల్సి వస్తే బైనాక్యులర్‌ని వెంట తీసుకెళ్లండి. 8×42 అని రాసున్నంత మాత్రాన సరిపోదు. ఒకే 8×42లో పొడవులు రెండు మూడు సెంటీమీటర్లు తేడా ఉంటాయి, మీకు పట్టీతో సహా పట్టాలి. వెల్క్రో మూత మాత్రం వద్దు. నిశ్శబ్దంలో ఆ చర్రుమన్న శబ్దానికి గట్టున ఉన్న కొంగలన్నీ లేచిపోతాయి, చున్నీ పోగుల్ని కూడా పట్టి లాగేస్తుంది. మన సముద్రపు గాలికి లోహపు జిప్పులు ఉప్పు పట్టి బిగుసుకుంటాయి, ప్లాస్టిక్ పళ్ల జిప్పు ఎంచుకోండి. లోపలి మెత్త నీళ్లు పీల్చే స్పాంజి కాకుండా, నొక్కితే గట్టిగా వెనక్కి తిరిగొచ్చే నీరు పీల్చని ఫోమ్ అయితే మేలు.

స్కూటర్ మీద బైనాక్యులర్‌ని మెడలోనో హార్నెస్‌లోనో ఉంచుకుని నడపొద్దు. పడితే ముందు దెబ్బ తగిలేది ఛాతీకే. సీటు కింద అరలో ఇంజిన్ వేడి, అదురు రెండూ ఉంటాయి. అదురుకి లోపలి పట్టకాలు కాస్త పక్కకి తప్పుకుంటే రెండు కళ్లకీ రెండు బొమ్మలు కనబడి తలనొప్పి వస్తుంది, ఆ మరమ్మతు ఇంట్లో అయ్యేది కాదు. కాళ్ల దగ్గర పెట్టినా అదే అదురు. కేసుని వీపు బ్యాగులో, వీపుకి ఆనుకునేలా, చుట్టూ తువ్వాలు సర్ది పెట్టుకోవడమే మంచిది. అదురుని మీ ఒళ్లు తీసుకుంటుంది. ఆ బ్యాగులో మిగతా సామాను తగ్గించండి, మెడ మాట మరవొద్దు. కేసు ఇంకో రకంగానూ ఉపయోగం: యారాడ, డాల్ఫిన్ నోస్, హార్బర్ వైపు వెళ్తే నేవీ ప్రాంతాలు దగ్గర్లోనే ఉంటాయి. అక్కడ బైనాక్యులర్ బయట వేలాడుతుంటే ప్రశ్నలు రావడం సహజం. కేసులో పెట్టి దాటేయండి.

తోలు కేసు విషయంలో మీ భయం నిజమే. తోలు తేమ పీలుస్తుంది, వదలడానికి చాలాసేపు తీసుకుంటుంది. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం, తినడానికి తోలు: బూజుకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఆ బూజు విత్తులు అద్దాల మీద చేరితే సాలెపోగుల్లా పాకుతాయి. ముదిరితే అద్దం పూతనే తినేస్తాయి, తుడిచినా మచ్చ మిగులుతుంది. పైగా అది 7×50కి కుట్టిన కేసు, మీ బైనాక్యులర్ అందులో అటూ ఇటూ కొట్టుకుంటుంది. పాత తోలు పట్టీ రింగు దగ్గర పగిలి, కుట్టు దారం చివికి ఉంటే నడిరోడ్డు మీద తెగుతుంది. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెడితే సరిపోతుందనుకోకండి. మూత బిగుతుగా లేని కేసులో అది గదిలోని తేమంతా పీల్చి కొద్ది రోజుల్లోనే నిండిపోతుంది. నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం కూడా పెట్టొద్దు. వాటి ఆవిరి అద్దాల మీద పేరుకుంటుంది.

అత్తగారికి ఈ మాట ఎలా చెప్పాలన్నది మీకే బాగా తెలుస్తుంది. ఒక నిజం మాత్రం మీకు సాయపడుతుంది: బయటికి తీసుకెళ్తే మీ బైనాక్యులర్ కన్నా ముందు పాడయ్యేది మామగారి కేసే. ఉప్పుగాలి, చెమట, వాన ఆ తోలుకి సరిపడవు. దాన్ని నీడలో, గాలి తగిలేచోట మూత తెరిచి రెండు మూడు రోజులు ఉంచి, మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్షుతో బూజు దులపండి. ఆ బ్రష్షు మళ్లీ బైనాక్యులర్ దగ్గరికి రానివ్వొద్దు. తర్వాత తోలుకి రాసే క్రీము పలచగా రాసి, గాలి ఆడే అరలో అందరికీ కనబడేలా పెట్టుకోవచ్చు. ఆ పాత 7×50 ఇంట్లోనే ఉంటే అది కూడా ఆ తోలు కేసులో ఉండకూడదు. ఇన్ని చెప్పినా ఆవిడ మనసు ఒప్పుకోకపోతే, ఏ చలికాలపు పొడి రోజునో ఒక్కసారి ఖాళీ కేసుని భుజాన వేసుకుని, బైనాక్యులర్‌ని హార్నెస్‌లో ఉంచుకుని వెళ్లి రండి. బ్యాగులు కుట్టే అతనితో ముందే పట్టీ కొత్త నైలాన్ దారంతో కుట్టించండి. తిరిగొచ్చాక కేసుని మళ్లీ గాలికి ఆరబెట్టాలి.

ఇంటికొచ్చాక బైనాక్యులర్‌ని ఏ కేసులోనూ మూసి పెట్టకండి. కేసు ప్రయాణానికే. గాలి దూరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సిలికా జెల్ ఒక పావుకిలో, తేమ చూపే చిన్న మీటరు ఒకటి చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తే మంచిది. 60 దాటుతుంటే సిలికా మార్చాలి. నీలం నుంచి గులాబీ రంగుకి మారే రకంలో హానికరమైన కోబాల్ట్ ఉంటుంది, నారింజ నుంచి ఆకుపచ్చకి మారేది తీసుకోండి. రంగు మారాక ఓవెన్‌లో దాదాపు 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. తడిసిన బైనాక్యులర్‌ని మాత్రం ఫ్యాన్ కింద ఆరాకే డబ్బాలో పెట్టాలి.

భీమిలి, రుషికొండ వైపు వెళ్లొచ్చిన రోజు అద్దాలని వెంటనే తుడవకండి, ఇసుక రేణువు గీత పెడుతుంది. ముందు రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టి, తర్వాత మెత్తటి బట్ట. మీ బైనాక్యులర్ వాటర్‌ప్రూఫ్ అని పెట్టె మీద రాసుంటే కుళాయి ధార సన్నగా పెట్టి ఉప్పు కడిగేయొచ్చు. రాసి లేకపోతే బయటి రబ్బరుని తడి బట్టతో తుడవడమే. హార్నెస్‌ని మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయండి. కేసుని తలకిందులు చేసి మూలల్లో ఇసుక దులపండి. కొండకర్ల ఆవలో తాటి దోనె ఎక్కే రోజుల్లో క్లిప్పులు రెండూ పడ్డాయో లేదో ఒడ్డునే చూసుకోండి. దోనెలో కూర్చున్నాక సర్దుకోబోతే చేయి జారి బైనాక్యులర్ నీళ్లలోకి పోతుంది.